అలసిన అడుగులకు ఆలంబనము

భగవత్కైంకర్యము బహువిధములు. పూవులు కోసి మాలలల్లువారు ఒక విధముగ, పోటులో ప్రసాదము వండువారు మరియొక విధముగ, వాహనమును భుజములపై మోయువారు ఇంకొక విధముగ స్వామిని సేవించుచున్నారు. మాలకట్టువాని చేతిలో పువ్వున్నది. పాచకుని చేతిలో బియ్యమున్నది. పారాయణము చేయువాని నోట వేదమున్నది. స్వామి యెదుట నర్తించువారి చేతిలో ఏమున్నది? ఏమియు లేదు. తమ దేహమే వారు సమర్పించు పుష్పము, తమ మనస్సే వారు తెచ్చు నైవేద్యము.

పువ్వు వాడకుండ దానిపై తడిగుడ్డ కప్పుదురు. నైవేద్యముపై దుమ్ము పడకుండ మూత పెట్టుదురు. దీపము ఆరకుండ చేయి అడ్డుపెట్టుదురు. దేహమును పుష్పముగ, మనస్సును నైవేద్యముగ తెచ్చు నర్తకీనర్తకులను కాపాడువారెవరు? వారి మోకాలి నొప్పి ఎవరికి తెలియును? తెర వెనుక వారు తుడుచుకొను కన్నీరు ఎవరి కంట పడును? నాట్యమును చూచి పరవశించు భక్తలోకము తనను తాను వేసికొనవలసిన ప్రశ్న ఇది.

బంజారా కొండపై జగన్నాథుడు

హైదరాబాదు నగర మధ్యమున, అమీర్‌పేట, పంజాగుట్టల నానుకొని బంజారా హిల్స్ అను ప్రాంతము కలదు. భవనములతోను, వైద్యశాలలతోను క్రిక్కిరిసిన ఈ కొండకు ఒకప్పుడు ఇచట నివసించిన బంజారాల పేరే నిలిచియున్నది. అద్దములు కుట్టిన వస్త్రములు, బరువైన ఆభరణములు ధరించి, వలయముగ తిరుగుచు ఆడు లంబాడీ స్త్రీల నృత్యమును చూచినవారికి బృందావనపు రాసమండలము స్మరణకు రాక మానదు. 2022లో ఈ ప్రాంతముననే 10వ నంబరు రోడ్డులో సేవాలాల్ మహరాజు పేర బంజారా భవనము వెలసినది. నర్తించు ఒక జాతి పేరు పెట్టుకొన్న కొండయే నర్తకుల క్షేమమును గూర్చి ఆలోచించుటకు తగిన చోటు.

ఆ కొండపైననే 12వ నంబరు రోడ్డులో 2009లో శ్రీ జగన్నాథస్వామి ఆలయము ప్రతిష్ఠితమైనది. కళింగ కల్చరల్ ట్రస్టువారు పూరీ ఆలయపు పోలికలో, ఎర్రని ఇసుకరాతితో దీనిని నిర్మించిరి. ఏటేట ఆషాఢమున ఇచట రథయాత్ర జరుగును. జగన్నాథునికిని నాట్యమునకును గల సంబంధము నేటిది కాదు. 1499లో గజపతి ప్రతాపరుద్రదేవుడు పూరీ ఆలయమున ఒక శాసనము వేయించెను. స్వామి సన్నిధిని నర్తించువారు జయదేవుని గీతగోవిందమును తప్ప వేరొకటి నేర్వరాదని అందులోని ఆజ్ఞ. ఆ శాసనము పేర్కొన్న నర్తకీ బృందములలో తెలంగి బృందము ఒకటి. అనగా అయిదు వందల సంవత్సరములకు పూర్వమే తెలుగు అడుగులు నీలాచలనాథుని ముంగిట మువ్వలు మ్రోగించినవి.

నేటి సాయంకాలమున ఈ పేటలలో నడచువారికి ఆ మువ్వల సవ్వడి మరల వినిపించును. బడి సంచి ఇంట దింపి, చీర బిగించి కట్టుకొని, నృత్యశిక్షణకు పరుగిడు బాలికలు ప్రతి వీధిలోను కలరు. శ్రీనగర్ కాలనీలోని సత్యసాయి నిగమాగమము వంటి సభామందిరములలో వారి తొలి ప్రదర్శనలు జరుగును. తల్లిదండ్రులు ఛాయాచిత్రములు తీయుదురు, బంధువులు దీవింతురు. ఆ రాత్రి ఇంటికి పోయిన పిమ్మట ఆ బిడ్డ పాదములకు వేడినీరు పెట్టు ఇల్లెన్ని? ఆమె మనస్సులోని బెరుకును అడిగి తెలిసికొను ఇల్లెన్ని?

తొలి నాట్యమునకే విఘ్నము

నాట్యశాస్త్రమున భరతముని చెప్పిన ప్రథమ ప్రదర్శన వృత్తాంతము ఈ సందర్భమున మననము చేయదగినది. దేవేంద్రుని ధ్వజోత్సవమున భరతపుత్రులు తొలిసారి నాట్యమాడిరి. దేవతలు అసురులను జయించుట అందులోని కథ. దానిని సహింపలేని విఘ్నగణములు మాయచేత నటుల వాక్కును, కదలికను, జ్ఞాపకశక్తిని స్తంభింపజేసినవి. సూత్రధారుడు సపరివారముగ నిశ్చేష్టుడయ్యెను.

విఘ్నములు రంగస్థలమును కూల్చలేదు, వాద్యములను పగులగొట్టలేదు. నటుని దేహమును, మనస్సును పట్టుకొన్నవి. కదలిక పోయినచో దేహము పోయినట్లే. జ్ఞాపకము పోయినచో మనస్సు పోయినట్లే. రెండును కలిసిన చోట పలుకు పోవును. నర్తకునికి వచ్చు ఆపదలన్నియు ఈ మూడింటనే కలవని శాస్త్రము ఆదియందే గుర్తించినది.

అపుడు దేవతలు ఏమి చేసిరి? మూర్ఛిల్లిన నటులను నిందింపలేదు. "మీకు సాధన చాలలేదు, మీ భక్తి కొరవడినది" అనలేదు. ఇంద్రుడు స్వయముగ లేచి ధ్వజదండముతో విఘ్నములను చెదరగొట్టెను. పిమ్మట బ్రహ్మ విశ్వకర్మను పిలిచి నాట్యగృహమును నిర్మింపజేసెను. ఆ గృహపు ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క దేవతను రక్షకునిగ నియమించెను. నాయకుని ఇంద్రుడు, నాయికను సరస్వతి, విదూషకుని ఓంకారము, తక్కిన పాత్రలను హరుడు రక్షింతురని శాస్త్రవచనము. నాట్యశాలకు ప్రయోజనము ప్రేక్షకులకు నీడ ఇచ్చుట మాత్రమే కాదు. అది నర్తకుల రక్షణకై పుట్టిన ఇల్లు. ఆ సంగతి మరచిన నాడు ఎంత పెద్ద సభామందిరమైనను ఒట్టి రాతికట్టడమే.

రాసమండలమున స్వామి చేసిన పరిచర్య

వైష్ణవులకు నాట్యము పరాయి విద్య కాదు. కైశికీవృత్తి శ్రీమహావిష్ణువు మధుకైటభులతో పోరునపుడు తన కేశపాశమును ముడివేసికొనుటనుండి ఉద్భవించినదని భరతుడే చెప్పియున్నాడు. కాళియుని పడగలపై ఆడినవాడు, గోపబాలురతో గంతులిడినవాడు స్వామియే. కాని ఆ స్వామి నర్తకులయెడ ఎట్లు ప్రవర్తించెనో తెలియవలెనన్న భాగవత దశమస్కంధమున రాసక్రీడా ఘట్టమును పరికింపవలెను.

రాసమండలమున ఆడి ఆడి ఒక గోపిక అలసినది. చేతి వలయములు జారినవి, జడలోని మల్లెలు సడలినవి. ప్రక్కనున్న కృష్ణుని భుజముపై ఆమె చేయి వేసి నిలిచినది. ఆయన ఆ చేతిని తొలగింపలేదు. ఆట ఆపినందులకు కోపింపలేదు. పిమ్మట శ్రమచే చెమర్చిన గోపికల ముఖములను తన చల్లని చేతితో, ప్రేమతో తుడిచెను. వారి బడలిక తీర యమునా జలములలోనికి వారితో కూడ దిగెను. లోకములన్నియు ఎవని పాదములొత్త తపించునో, ఆ పరమాత్మ నర్తించి అలసినవారికి పరిచర్య చేసెను.

ఇచట ఒక సూక్ష్మము కలదు. అంతకు ముందే ఒక గోపిక "ఇక నడువలేను, నన్ను ఎత్తుకొని పొమ్ము" అనినపుడు స్వామి అంతర్ధానమయ్యెను. నడువలేనన్న గోపికను విడిచిన స్వామియే ఆడి అలసిన గోపికకు భుజమిచ్చెను. ఈ భేదమునకు కారణమేమి? మొదటి మాటలో గర్వమున్నది. రెండవ చోట మాటయే లేదు, ఒట్టి అలసట మాత్రమే కలదు. గర్వము దోషము, అలసట దోషము కాదు. అలసినదానిని గర్విష్ఠియని గద్దించుట భాగవతమును తలక్రిందులుగ చదువుట. "నొప్పిగా నున్నది" అను శిష్యురాలిని "నీకు పొగరు" అను గురువు, "ఒళ్లు వంచవు" అను తల్లి ఈ ఘట్టమును ఒకమారు శ్రద్ధతో వినవలెను.

పూర్వులు చేసిన ఏర్పాటు

పూర్వపు రాజులు నర్తకుల క్షేమమును దానముగ గాక ఆలయ ధర్మముగ భావించిరి. తంజావూరు బృహదీశ్వరాలయమున 11వ శతాబ్ది ఆరంభమున రాజరాజచోళుడు వేయించిన శాసనము ఇందులకు సాక్ష్యము. ఆ ఆలయ సేవకై ఆయన 400 మంది నర్తకీమణులను రప్పించెను. ఆలయ వీధులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇల్లు ఇచ్చెను. ఏటికి ఒక్కొక్కరికి నూరు కలముల వడ్లు వచ్చునట్లు భాగము నిర్ణయించెను. ఎవరైన మరణించినను, దేశాంతరము పోయినను, ఆ భాగము వారి దగ్గరి బంధువులలో అర్హులకు చెందవలెనని కూడ వ్రాయించెను. వారి పేర్లు, వీధులు, ఇండ్ల వరుసలు సహితముగ ఆ రాళ్లపై చెక్కియున్నవి. నర్తకియన్న పేరులేని గుంపు కాదు, పేరు గలిగి, గడప గలిగి, గింజ గలిగిన మనిషి యని ఆ శాసనము చాటుచున్నది.

తెలుగునాట కూచిపూడి సంగతియు అట్టిదే. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి ఆ గ్రామ బాలురకు నేర్పెననియు, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా వారి ఆట చూచి మెచ్చి కూచిపూడిని అగ్రహారముగ ఇచ్చెననియు సంప్రదాయము చెప్పుచున్నది. భాగవతులు ఊరూర తిరిగి ఆడి మరల వచ్చి తలదాచుకొనుటకు ఒక ఊరున్నది. కాలునొచ్చినవాడు కూర్చుండి పిల్లలకు తాళము చెప్పుటకు ఒక అరుగున్నది. కళ శతాబ్దముల తరబడి నిలుచుటకు పద్యములు, పాటలు ఎంత కారణమో ఆ అరుగు కూడ అంత కారణము.

కాలము మారినది. బాలికలను దేవునికి అంకితము చేయు ఆచారము పలువురు స్త్రీల జీవితములను దుఃఖభాజనము చేసినందున 1947లో మద్రాసు రాష్ట్రమునను, 1988లో ఆంధ్రప్రదేశ్‌లోను చట్టముచే అది నిషేధింపబడినది. ఆ నిషేధము ధర్మబద్ధమే. పసిబిడ్డకు తెలియని బంధమును భగవంతుని పేర వేయుట భగవంతుని అవమానించుటయే. అయితే ఆచారము తొలగిన నాడు, ఆ కళను ఒంటినిండ మోసికొనియున్న వృద్ధ స్త్రీలు ఎచట అన్నము తిందురని అడిగినవారు అరుదు. వారి విద్యను లోకము మెచ్చుకొన్నది, వారిని మాత్రము దూరముగ నిలిపినది. పూరీలో జగన్నాథుని సేవించిన మహరీలలో కడపటివారైన శశిమణి 2015లోను, పరశమణి 2021లోను కన్నుమూసిరి. వారితో ఒక సేవాపరంపర ముగిసినది.

దూరముగ నిలిపిన ఆ స్త్రీల గడపకు తానుగా నడచివెళ్లినవారిలో నటరాజ రామకృష్ణ ముఖ్యులు. 1923లో జన్మించిన ఈ మహనీయులు ఆలయ నర్తకీమణులను గురువులుగ భావించి, నాయుడుపేట రాజమ్మ వంటివారివద్ద కూర్చుండి అభ్యసించిరి. వారి కళను ఆంధ్రనాట్యమను పేర లోకమునకు మరల చూపిరి. జాయపసేనాని నృత్తరత్నావళిని, రామప్ప ఆలయ శిల్పములను పరిశీలించి పేరిణిని పునరుద్ధరించిరి. 2011లో హైదరాబాదుననే వారు దేహము చాలించిరి. వారు చేసిన పనులలో మేటియైనది ఏది యన్న, చిన్నబోయిన కళావంతురాలిని "అమ్మా, నాకు నేర్పుము" అని అడుగుట. మనస్సు విరిగినవారికి ధనముకన్న ముందు కావలసిన మందు గౌరవము.

నేల, ఆహారము, విశ్రాంతి

దేహమును గూర్చి శాస్త్రము ఉదాసీనముగ లేదు. రంగస్థలము అద్దమువలె సమముగ నుండవలెననియు, తాబేటి వీపువలె గాని చేప వీపువలె గాని ఉబికియుండరాదనియు భరతుడు నియమించెను. రాళ్లు, గడ్డి, గులకలు ఏరివేసిన నల్లమట్టితో రంగమును నింపవలెనని చెప్పెను. అంగసాధనకు ముందు ఒంటికి నూనె మర్దించుకొనవలెననియు, ఆకలితో గాని, దప్పికతో గాని, అతిభోజనము చేసి గాని, మిక్కిలి అలసియుండి గాని సాధన చేయరాదనియు విధించెను. బలము ఆహారముపై ఆధారపడియున్నదని స్పష్టముగ పలికెను.

నేడు జరుగుచున్నదేమి? సిమెంటు గచ్చుపైన, గ్రానైటు పలకలపైన పసిపాదములు గంటలకొలది తాటించుచున్నవి. అరమండిలో మోకాళ్లు వంచి, మడమలు నేలకు బలముగ వేయునపుడు నేల ఏ మాత్రము లోనికి దిగనిచో ఆ అదురంతయు మడమనుండి మోకాలికి, మోకాలినుండి నడుమునకు ఎక్కును. తొలుత పిక్కలముందరి ఎముకలో నొప్పి కలుగును. దానిని లెక్కసేయక ఆడినచో ఎముకలో సన్నని పగులు ఏర్పడును. కూచిపూడి తరంగమున ఇత్తడి పళ్లెము అంచుపై నిలిచి ఆడువారి అరికాళ్లు, చీలమండలు ఎంత భారమును వహించునో చెప్పనక్కరలేదు. క్రింద గాలి ఆడు కొయ్యపలకల నేల ఈ అదురును చాలవరకు మ్రింగును. రాళ్లు ఏరివేసిన మట్టినేలను కోరిన భరతముని మాటయు, కొయ్యనేలను కోరు నేటి వైద్యుల మాటయు ఒకే కరుణనుండి పుట్టినవి.

ఆహారము విషయమున మరియొక ప్రమాదము కలదు. సన్నగ నుండవలెనను భ్రమచే ఎదిగే బాలికలు అన్నము మానుకొనుచున్నారు. కొందరు ప్రదర్శన దినమున ఉపవాసముండి, దానిని భక్తిగ భావించుదురు. శ్రమకు తగిన ఆహారము చాలకాలము అందనిచో స్త్రీదేహమున సహజ ధర్మములు గతి తప్పును, ఎముకలు పలుచబడును, చిన్న తాకిడికే విరుగును. ఇది నేటి వైద్యశాస్త్రము నిశ్చయముగ చెప్పుచున్న విషయము. ప్రదర్శన యున్న బిడ్డ ఏకాదశినాడు పాలు, పండ్లు తీసికొన్నంతమాత్రమున ఏ వైకుంఠద్వారమును మూతపడదు. నైవేద్యమునకు తెచ్చిన పండును తానే ఎండగట్టి సమర్పించు భక్తుడెవడును ఉండడు గదా!

నొప్పి వచ్చినపుడు దాచుట మహాపరాధము. పంజాగుట్టలో ఎముకల వైద్యశాలగ ఆరంభమై, నిజాం వైద్యవిజ్ఞాన సంస్థగ విస్తరించిన పెద్ద ఆసుపత్రి ఈ పేటల నడుమనే యున్నది. కీలు పట్టినను, ఎముక నొచ్చినను తెలిసిన వైద్యుని చూచి, ఆయన చెప్పిన దినములు విశ్రమించి, అంగవ్యాయామ చికిత్స పొందిన పిదపనే గజ్జె కట్టవలెను. ఇతర దేశములలో పెద్ద నృత్యసంఘములు తమ నర్తకులకై ప్రత్యేకముగ వైద్యులను, వ్యాయామ చికిత్సకులను నియమించుకొనుచున్నవి. 1990నుండి నృత్యవైద్యమును గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘమే ఒకటి పనిచేయుచున్నది. ఆటగానికి విరామము ఎంత అవసరమో ఆటకత్తెకును అంతే. గరుడవాహనమునకును మరుసటి దినము విశ్రాంతి కలదు.

నవ్వు వెనుక నుండు మనస్సు

దేహపు నొప్పి కుంటినడకలో బయటపడును. మనస్సు నొప్పి కనబడదు. నర్తకి వృత్తి యందే ఒక కష్టము కలదు. తన శోకమును లోపల పెట్టి పరుల సంతోషమును ముఖమున చూపవలెను. ఉదయము కన్నతండ్రి జబ్బుపడెనని వార్త విన్నను, సాయంకాలము సత్యభామయై స్వామి రాకకై జడ విసరి నిలువవలెను. యశోదయై మురియవలెను, గోదయై విరహమున కృశింపవలెను. ఇన్ని మనస్సులను తనలోనికి పిలిచి, పంపివేయు ఇల్లాలికి తన మనస్సుతో మాటాడుకొనుటకు ఒక్క గడియయైన కావలెను.

ఆ మనస్సును గాయపరచు మాటలు ఎవరి నోటనుండి వచ్చుచున్నవో పరికించిన, దూరపువారి నోటనుండి కాదు. "నల్లగా నున్నావు, వేషము కుదరదు" అనునది బంధువు. "ప్రక్కింటి పిల్లకు రెండేండ్లలోనే రంగప్రవేశమైనది" అనునది తల్లి. "పెండ్లియైన పిదప ఆటలెందులకు" అనునది అత్తవారు. నీలమేఘశ్యాముని కొలుచు కులమున నలుపును దూషించుట ఎంతటి వింత! పోలిక తెచ్చుటయు అట్టిదే. స్వామి సన్నిధిని తులసియు ఒకటే, సంపెంగయు ఒకటే. దేని పరిమళము దానిది.

గురువు స్థానము పవిత్రమైనది. అందుకనియే గురువునకు బాధ్యత అధికము. దండన లేకుండ విద్య రాదను మాట పాతదైనను, అవమానముచే వచ్చిన విద్య రంగస్థలముపై వణకుచుండును. వెంపటి చినసత్యముగారు 1963లో మదరాసున కూచిపూడి అకాడమీని స్థాపించి, శ్రీనివాస కల్యాణము వంటి నృత్యనాటకములను రూపొందించి, దేశమంతట శిష్యులను తీర్చిదిద్దిరి. వారి శిష్యురాలు శోభానాయుడు హైదరాబాదున అకాడమీని నడిపి, 2020లో పరమపదించువరకు తరతరములకు నాట్యవిద్యను పంచిరి. గురుశిష్య పరంపర యనగా అడుగులు మాత్రమే కాదు, ఒకరు మరియొకరిని నిలబెట్టుట. దానికి విరుద్ధముగ గురుత్వమును అడ్డుపెట్టుకొని శిష్యురాలి దేహగౌరవమునకు భంగము కలిగించువాడు గురువు కాడు. అట్టి సందర్భమున బిడ్డ చెప్పిన మాటను మొదట నమ్మవలసినవారు తల్లిదండ్రులు. పరువు పోవునను భయముతో బిడ్డ నోరు మూయు గృహస్థుడు, నటుల వాక్కును స్తంభింపజేసిన విఘ్నమునకు తోడైనవాడే.

నెలల తరబడి నిద్ర పట్టకుండుట, ఆకలి చచ్చుట, ఇష్టమైన ఆటయందే విసుగు కలుగుట, బ్రదుకుపై రోత పుట్టుట కనబడినచో, అది భక్తిలోపము కాదు, దృష్టిదోషమును కాదు. జ్వరమునకు వైద్యుని చూచినట్లే మనస్సునకును వైద్యుని చూడవలెను. కురుక్షేత్రమున గాండీవము జారి, ఒళ్లు వణకి, నోరెండి కూలబడిన అర్జునుని స్వామి ఒంటరిగ వదలలేదు. రథము మధ్యముననే ఆపి, పదునెనిమిది అధ్యాయములు ఓర్పుతో మాటాడెను. వినుట, మాటాడుట కూడ చికిత్సయే యని గీతాచార్యుడే చూపెను.

కాలు పోయినను కళ పోలేదు

తెలుగువారికి సుపరిచితమైన ఒక వృత్తాంతమును ఇచట స్మరింపవచ్చును. భరతనాట్య కళాకారిణి సుధాచంద్రన్ 1981లో తిరుచిరాపల్లి సమీపమున జరిగిన బస్సు ప్రమాదమున గాయపడి, గాయము విషమించుటచే కుడికాలును కోల్పోయిరి. జయపూరులో వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ, శిల్పి రామచంద్రశర్మ రూపొందించిన కృత్రిమపాదమును అమర్చుకొని, నొప్పిని సహించి సాధన చేసి, తిరిగి రంగమెక్కిరి. ఆమె జీవితము ఆధారముగ సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున "మయూరి" అను తెలుగు చిత్రము 1985లో వెలువడినది. అందు ఆమెయే నటించిరి.

ఈ కథను చెప్పునపుడు లోకము ఆమె పట్టుదలను మాత్రమే పొగడును. పట్టుదల నిజమే. కాని కొయ్యను, రబ్బరును మలచిన శిల్పి చేయి లేనిదే ఆ పాదము లేదు. వైద్యుని ఓర్పు లేనిదే ఆ నడక లేదు. ఇంటివారి తోడు లేనిదే ఆ ధైర్యము నిలువదు. పడినవారిలో లేచినవారిని కీర్తించుట సులభము. లేచుటకు చేయి అందించుట కైంకర్యము. చేయి అందక లేవలేకపోయినవారెందరో! వారి పేర్లు ఏ చిత్రమునకును ఎక్కలేదు.

గృహస్థులు చేయదగిన సేవ

మదనపల్లెలో 1940లో జన్మించిన యామినీ కృష్ణమూర్తిని తిరుమల తిరుపతి దేవస్థానములవారు ఆస్థాన నర్తకిగ గౌరవించిరి. 2024లో ఆమె కీర్తిశేషులైరి. సంస్థలు అట్లు గౌరవింపగలవు. సామాన్య గృహస్థుడు ఏమి చేయగలడు?

బ్రహ్మోత్సవములలో వాహనముల ముందు కోలాటము వేయుచు, నృత్యము చేయుచు వచ్చు బృందములను యాత్రికులందరు చూచుచున్నారు. వారిలో అధికులు పల్లెలనుండి సొంత ఖర్చులతో వచ్చిన స్త్రీలు. ఎండలో పాదరక్షలు లేక నడచు ఆ పాదములకు ఒక చెంబెడు నీరు పోయుట, ఒక గ్రుక్క మజ్జిగ ఇచ్చుట, కూర్చుండుటకు నీడ చూపుట ఎవరికైన సాధ్యమే. ఊరి ఆలయమున ఉత్సవమునకు నర్తకులను పిలుచునపుడు ధర్మకర్తలు నేల ఎట్లున్నదో ముందుగ చూడవలెను. తలుపు గడియగల వస్త్రధారణ గదిని, శుభ్రమైన నీటి వసతిని ఏర్పరుపవలెను. ప్రదర్శనను అర్ధరాత్రివరకు జాప్యము చేయక, చెప్పిన వేళకు జరుపవలెను. "స్వామి సేవయే గదా" యని పారితోషికమును ఎగవేయరాదు. పురోహితునకు దక్షిణ ఇచ్చి, వంటవానికి కూలి ఇచ్చి, నర్తకికి ఒక శాలువ కప్పి పంపుట న్యాయము కాదు. శాలువ ఆకలి తీర్చదు.

ఇంటిలో నృత్యము నేర్చు బిడ్డ యున్నచో, "ఎన్ని అంశములు వచ్చినవి" అని అడుగుటకు ముందు "ఎక్కడైన నొచ్చుచున్నదా" యని అడుగవలెను. వీధిలో గజ్జె విప్పిన వృద్ధ కళాకారిణి యున్నచో, పండుగనాడు ఆమెను పిలిచి పీటవేసి వడ్డింపవలెను. పిల్లలచేత ఆమెకు నమస్కరింపజేయవలెను. ఆమె చెప్పు పాత జతులను, పదములను ఓపికగ వినవలెను. భాగవతులకు చేసిన సేవ భగవంతునికి చేసిన సేవకంటె గొప్పదని పెద్దలు చెప్పుదురు. దేహముతో భగవంతుని చూపించువారు భాగవతులు కాక మరెవరు?

దుఃఖితులకు, శ్రమించినవారికి, శోకార్తులకు విశ్రాంతి నిచ్చుటకే నాట్యము పుట్టినదని శాస్త్రము. లోకమునకు విశ్రాంతి పంచువారికే విశ్రాంతి కరవగుట లోకమునకు తలవంపు. బంజారా కొండపై జగన్నాథుని రథము కదలునపుడు ముందు నిలిచి ఆడు పాదములను, తిరుమాడ వీథులలో మలయప్పస్వామి యెదుట ఆడు పాదములను, పల్లె రామమందిరపు గచ్చుపై తొలి అడుగు వేయు చిట్టి పాదములను భక్తులు ఇకమీద వట్టి కన్నులతో గాక కరుణతో చూతురు గాక. ఒకనాడు యమునాతటమున అలసిన ముఖములను తన చేతితో తుడిచిన స్వామి, నేడు ఆ పనిని తన భక్తుల చేతులకు అప్పగించినాడు. ఆ చేతులు వెనుదీయకుండునట్లు శ్రీనివాసుడు అనుగ్రహించు గాక.